పిల్లికి పెరుగన్నం సరిపోతుందా? ప్యాకెట్ వెనక ఏం చదవాలి?

(వీడియోలో మాట్లాడిన మాటల్ని చదువుకోవడానికి వీలుగా కొద్దిగా సర్ది ఇక్కడ పెడుతున్నాను.)

ఈ ఎపిసోడ్ చాలా రోజుల నుంచి పెండింగ్‌లో ఉంది. పిల్లుల గురించి ఎప్పుడు మాట్లాడినా నాకొచ్చే ప్రశ్నల్లో సగం తిండి గురించే ఉంటాయి. "ఏ బ్రాండ్ మంచిదో చెప్పు బ్రో" అని ఒక్క లైన్‌లో అడిగేస్తారు. ఈ రోజు బ్రాండ్ పేర్లు చెప్పను. నాకెవరూ స్పాన్సర్ చెయ్యలేదు, ఇది యాడ్ కాదు. ఏ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నా అందులో ఏముందో మీరే తేల్చుకునేలా చెప్తాను.

ముందు ఒక మెయిల్ సంగతి. రాజమండ్రి నుంచి ఒక అమ్మాయి రాసింది. వాళ్ళది ఉమ్మడి కుటుంబం, ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. వానల్లో తడిసి వసారాలోకి వచ్చిన పిల్లిపిల్లని వాళ్ళ నాయనమ్మ చేరదీసింది. ఇప్పుడు దానికి ఎనిమిది నెలలు. పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి పాలన్నం. ఇష్టంగానే తింటోంది. కానీ ఈ మధ్య గంతులు తగ్గాయి, బొచ్చు రాలుతోంది. డాక్టర్‌కి చూపిస్తే మాంసం పెట్టమన్నారు. ఇంట్లో మాంసం మాట ఎత్తగానే "అయితే దాన్ని ఎక్కడైనా వదిలేసి రండి" అన్నారట పెద్దవాళ్ళు. నాయనమ్మ మాత్రం ఒప్పుకోవట్లేదు. "నిజంగా పెరుగన్నంతో బతకదా? నాయనమ్మకి ఎలా చెప్పాలి?" అని అడిగింది ఆ అమ్మాయి.

మంచి ప్రశ్న. "పిల్లి మాంసాహారి, అంతే" అనేస్తే ఆ నాయనమ్మకి ఏమీ చెప్పినట్టు కాదు. ఎందుకో చెప్పాలి.

ఒక మాట ముందే చెప్పేస్తున్నాను. నేను వెటర్నరీ డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పని చేసి, ఇప్పుడు వీడియోలు చేసుకుంటున్నవాణ్ణి. ఇంట్లో రెండు పిల్లులున్నాయి. చదివి, లెక్కలేసి అర్థం చేసుకున్నది చెప్తాను. మీ పిల్లికి ఒంట్లో బాగోకపోతే వీడియోలు చూడటం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

సరే. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తెలిసిన భాషలో మొదలుపెడతాను. ఒక ప్రోగ్రామ్ రాస్తున్నాం అనుకోండి. ఏదో ఒక విలువ ప్రతిసారీ బయట నుంచి రెడీగా వస్తూనే ఉంది. అప్పుడు దాన్ని లోపల లెక్కగట్టే కోడ్ ఎందుకు? తీసేస్తాం. పిల్లి ఒళ్ళు కూడా సుమారుగా అంతే. లక్షల ఏళ్ళుగా ఎలుకలు, పిట్టలు, తొండలు తిని బతికింది. కొన్ని పదార్థాలు ఆ తిండిలో రెడీగా దొరికాయి కాబట్టి వాటిని సొంతంగా తయారు చేసుకునే శక్తి దాని ఒంట్లో చాలావరకు పోయింది. మనం తిండి మార్చేస్తే ఆ కోడ్ మళ్ళీ రాదు.

వీటిల్లో ముఖ్యమైనది టౌరిన్. 1975లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు పిల్లులకి ప్రోటీన్ కోసం కేసిన్ పెట్టి చూశారు. కేసిన్ అంటే వేరే ఏదో కాదు, పాలల్లో ఉండే ప్రోటీన్. పాలు విరిగితే గడ్డకట్టేది అదే. నెలలు గడిచేసరికి ఆ పిల్లుల కంటి లోపలి రెటీనా పాడైపోతూ వచ్చింది. రక్తం పరీక్షిస్తే టౌరిన్ అడుగంటింది. మన ఒంట్లో టౌరిన్ మనమే చాలావరకు చేసుకుంటాం. పిల్లి చేసుకునేది చాలా తక్కువ, పైగా తిన్నది అరిగించే పిత్తరసం కోసం రోజూ ఖర్చు పెడుతూనే ఉంటుంది. జీతం తక్కువ, ఈఎంఐ మాత్రం ఆగదు అన్నట్టు.

కథ అక్కడితో ఆగలేదు. 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో పాల్ పియాన్ అనే వెటర్నరీ డాక్టర్, ఆయన టీమ్ ఇంకో సంగతి కనిపెట్టారు. అప్పట్లో చాలా పిల్లులకి గుండె ఉబ్బి, కండరం బలహీనపడి చనిపోయే జబ్బు వచ్చేది. ఆ పిల్లుల్లో టౌరిన్ తక్కువగా ఉందని చూశారు, టౌరిన్ ఇచ్చారు, గుండె కోలుకుంది. గమనించాల్సింది ఏంటంటే ఆ పిల్లులు తింటున్నది ఇంటి తిండి కాదు, కంపెనీల తిండే. ఆ తర్వాత కంపెనీలు టౌరిన్ మోతాదు పెంచాయి, ఆ రకం గుండెజబ్బు అరుదైపోయింది. ఇప్పుడు ప్యాకెట్ వెనక "టౌరిన్" అని కనిపిస్తే అది ఉత్తినే రాసింది కాదు, దాని వెనక ఇంత కథ ఉంది. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. సమయానికి టౌరిన్ అందితే గుండె కోలుకోవచ్చు గానీ, పాడైన రెటీనా తిరిగి రాదు.

(ఎనర్జీ డ్రింక్ డబ్బాల మీద రాసుండేది కూడా ఈ టౌరినే. అలా అని పిల్లికి అది పొయ్యకండి దయచేసి. అందులో కెఫీన్ ఉంటుంది.)

టౌరిన్ ఒక్కటే కాదు. మనం క్యారెట్ తింటే మన ఒళ్ళు అందులోంచి విటమిన్ ఎ చేసుకుంటుంది. పిల్లి చేసుకోలేదు, దానికి విటమిన్ ఎ తయారైపోయిన రూపంలోనే రావాలి, అది జంతువుల కొవ్వులో, లివర్‌లో ఉంటుంది. ఆర్జినిన్ అని ఇంకో అమైనో యాసిడ్ ఉంది. 1978లో ఒక ప్రయోగంలో ఆర్జినిన్ లేని ఆహారం ఒక్క పూట పెడితే కొన్ని గంటల్లోనే పిల్లుల రక్తంలో అమోనియా పెరిగి జబ్బుపడ్డాయి. ఒక్క పూట! ఇంత సున్నితమైన ఏర్పాటు అది. ఇక ప్రోటీన్ సంగతి. మనం ప్రోటీన్ తక్కువ తింటే మన లివర్ దాన్ని పొదుపుగా వాడుతుంది. పిల్లి లివర్‌కి ఆ పొదుపు పెద్దగా రాదు. రోజూ కొంత ప్రోటీన్‌ని ఇంధనంగా కాల్చేస్తూనే ఉంటుంది, తిండిలో రాకపోతే సొంత కండ కరిగిస్తుంది. రాజమండ్రి పిల్లి గంతులు తగ్గడానికి ఇది ఒక కారణం అయ్యుండొచ్చు.

2005లో తేలిన ఇంకో విషయం నాకు భలే నచ్చింది. పిల్లికి తీపి తెలియదు. నాలుక మీద తీపిని పట్టే రిసెప్టర్‌కి రెండు భాగాలుండాలి, అందులో ఒక భాగం తయారు చేసే జీన్ పిల్లుల్లో చెడిపోయి ఉంది. పులులూ చిరుతపులులూ కూడా అంతే. మీ పిల్లి ఐస్‌క్రీమ్ నాకుతోందంటే తీపి కోసం కాదు, కొవ్వు కోసం.

మరి పాలు? మన కథల్లో పిల్లీ పాలూ విడదీయలేం. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సామెత ఉంది, తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ ఉంది. ఆ కథలో రాయలవారు ఎలుకల బెడద అని పిల్లుల్ని ఇచ్చి, వాటిని మేపడానికి ఆవుల్ని కూడా ఇస్తారు. నాకెప్పుడూ ఒకటే డౌటు, ఎలుకలు అన్నేసి ఉంటే పిల్లికి పాలెందుకు? జోక్ పక్కన పెడితే, పెద్దయ్యాక చాలా పిల్లుల్లో పాల చక్కెరని అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది. కొన్నింటికి విరేచనాలవుతాయి, కొన్నింటికి ఏమీ కాదు. పెరుగులో ఆ చక్కెర కొంచెం తక్కువ. మీ పిల్లికి పడితే ఒక చెంచా పెరుగు ముచ్చటకి పెట్టండి, తప్పులేదు. ఉడికిన అన్నం కూడా విషమేమీ కాదు, కొంత అరుగుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, పాలూ అన్నంతో పొట్ట నిండిపోతుంది, అసలు కావాల్సినవాటికి చోటు ఉండదు. పిల్లి కడుపు మన పిడికిలి కన్నా చిన్నది.

అయితే రాజమండ్రి ఇంటికి నా జవాబు ఇది. పెరుగన్నం ఒక్కటే పెడితే కుదరదు. కానీ ఇంట్లో మాంసం వండక్కర్లేదు. పూర్తి పోషకాలున్న డ్రై ఫుడ్ ప్యాకెట్ తెచ్చి, వసారాలో ఒక విడి డబ్బాలో పెట్టి, విడి గిన్నెలో విడి చెంచాతో పెట్టొచ్చు. వంటింట్లోకి తేవాల్సిన పనే లేదు. ఆ గింజల్లో మాంసం ఉండదని నాయనమ్మతో అబద్ధం చెప్పమని మాత్రం నేను అనను. ఉంటుంది. చెప్పే పెట్టాలి. పులి ఆకలేసినా గడ్డి మెయ్యదు అన్న మాట ఆవిడకి మనకన్నా బాగా తెలుసు, పిల్లి దానికి చుట్టమే కదా. "మాంసం లేని క్యాట్ ఫుడ్ కూడా ఉందట కదా" అని కొందరు అడుగుతారు. ఉంది, ఫ్యాక్టరీలో తయారైన టౌరిన్, విటమిన్లు కలిపి చేస్తారు. నా అభిప్రాయం అడిగితే, పెరిగే వయసు పిల్లి మీద ఆ ప్రయోగం వద్దు. ఇంట్లో ఎవరూ ఒప్పుకోకపోతే ఒప్పుకునే ఇల్లు వెతికి ఇవ్వండి, మార్కెట్ దగ్గర వదిలేసి రాకండి. ఈ లోపు ఆ డాక్టర్ దగ్గరికే మళ్ళీ వెళ్ళి కళ్ళు, గుండె కూడా చూడమని అడగండి.

ఇప్పుడు ప్యాకెట్ దగ్గరికి వద్దాం. ప్యాకెట్ ముందువైపు మార్కెటింగ్ వాళ్ళది. నిగనిగలాడే చికెన్ ముక్క, నవ్వుతున్న పిల్లి. డాక్యుమెంటేషన్ అంతా వెనకవైపు ఉంటుంది, చిన్న అక్షరాల్లో. ఫోన్‌లో ఫోటో తీసి జూమ్ చేసుకోండి, నేనలాగే చేస్తాను.

అన్నిటికన్నా ముందు వెతకాల్సిన మాట "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్". అంటే ఇదొక్కటే తిని పిల్లి బతకగలదు అని. "కాంప్లిమెంటరీ" అని ఉంటే అది తోడు తిండి మాత్రమే, మనకి అప్పడం లాంటిది. ట్యూబుల్లో వచ్చే క్రీమ్‌లు, కొన్ని రకాల ట్యూనా పౌచ్‌లు ఈ రెండో కోవలోకి వస్తాయి. పిల్లి ఎగబడి తింటుంది కదా అని రోజంతా అవే పెడుతున్నవాళ్ళు ఉన్నారు. కంప్లీట్ అని ఉన్నా ఏ వయసుకో చూడండి. పిల్లిపిల్లలకా, పెద్దవాటికా, అన్ని వయసులకా? అమెరికాలో ఆఫ్‌కో అనే సంస్థ ప్రమాణాలు పెట్టింది, చాలా కంపెనీలు వాటినే చూపిస్తాయి. నీరు తీసేసి లెక్కేస్తే పెద్ద పిల్లి తిండిలో కనీసం 26 శాతం ప్రోటీన్, పెరిగే పిల్లలకి కనీసం 30 శాతం ఉండాలి. ఇది కనీసం మాత్రమే, పాస్ మార్కులు అనుకోండి. కుక్కల తిండి ఈ లెక్కకి అందాలన్న నియమం లేదు. ఇంట్లో కుక్క కూడా ఉంటే దాని గిన్నెలోదే పిల్లికీ పెట్టడం కుదరదు అనేది అందుకే.

"నీరు తీసేసి" అన్నాను చూశారా, చాలామంది తికమకపడేది ఇక్కడే. ఉదాహరణకి ఒక డ్రై ఫుడ్ మీద ప్రోటీన్ 32 శాతం అని ఉంది, ఒక పౌచ్ మీద 8 శాతం అని ఉంది. చూడగానే డ్రై ఫుడ్ నాలుగు రెట్లు మేలు అనిపిస్తుంది. ఆగండి. డ్రై ఫుడ్‌లో తేమ 10 శాతం, అంటే అసలు పదార్థం 90. ముప్పై రెండుని తొంభైతో భాగిస్తే సుమారు 36 శాతం. పౌచ్‌లో తేమ 82, అసలు పదార్థం 18. ఎనిమిదిని పద్దెనిమిదితో భాగిస్తే 44 శాతం. పౌచే ఎక్కువ! లేబుల్ మీద అంకె అబద్ధం కాదు, నీళ్ళు కలిసిన అంకె, అంతే.

పిండిపదార్థం ఎంతో చాలా ప్యాకెట్ల మీద రాయరు. మనమే తీయాలి. ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద ఈ ఐదూ కూడి వందలోంచి తీసేస్తే మిగిలింది పిండి. బూడిద అంటే నిజంగా బూడిద కలిపారని కాదు, ఖనిజాల లెక్కకి ఆ పేరు. అది రాయకపోతే డ్రై ఫుడ్‌కి 8, పౌచ్‌కి 2 వేసుకోండి, సుమారుగా సరిపోతుంది. మన ఉదాహరణలో డ్రై ఫుడ్ కొవ్వు 10, పీచు 4 అనుకుంటే 32, 10, 4, 10, 8 కలిపి 64. మిగిలింది 36. అంటే ప్యాకెట్‌లో మూడో వంతు పైగా పిండి. గింజ గింజగా నిలబడాలంటే డ్రై ఫుడ్‌లో కొంత పిండి తప్పదు, దాన్ని చూసి భయపడక్కర్లేదు. కానీ రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ లెక్క బాగా పనికొస్తుంది. "గ్రెయిన్ ఫ్రీ" అని పెద్ద అక్షరాలతో రాసినవాటికి కూడా వేసి చూడండి. బియ్యం, మొక్కజొన్న తీసేసి బఠాణీ, బంగాళదుంప వేసి ఉంటారు. పిండి పిండే.

ఇక ఇంగ్రీడియెంట్స్ వరస. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాస్తారు. మొదట్లో చికెన్, చేప, చికెన్ మీల్ లాంటివి ఉంటే మంచిదే. "బై ప్రొడక్ట్స్" అని చూడగానే మొహం చిట్లించకండి. లివర్, గుండెకాయ లాంటివి కూడా ఆ మాట కిందకే వస్తాయి. మన చికెన్ షాపులో లివర్, కందనకాయ విడిగా అడిగి మరీ కొనుక్కునేవాళ్ళం మనం. పిల్లి ఎలుకని పట్టినప్పుడు బోన్‌లెస్ తీసి పెట్టమని అడగదు కదా.

సరే, ఎంత పెట్టాలి? నాలుగు కిలోల పెద్ద పిల్లి, ఆపరేషన్ అయిపోయింది, ఫ్లాట్‌లోనే ఉంటుంది అనుకోండి. దానికి రోజుకి సుమారు 200 నుంచి 240 క్యాలరీలు చాలు. ఆపరేషన్ తర్వాత ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. సిటీ పిల్లులు గుమ్మడికాయల్లా తయారవడానికి ఇదే పెద్ద కారణం. ప్రోటీన్‌ని 3.5తో, కొవ్వుని 8.5తో, పిండిని 3.5తో గుణించి కూడితే వంద గ్రాముల్లో క్యాలరీలు వస్తాయి. మన డ్రై ఫుడ్ 323 వచ్చింది. రెండొందల క్యాలరీలకి 62 గ్రాములు. అంతే! వంటింటి తూకం మీద ఒక్కసారి 62 గ్రాములు పోసి చూడండి, "ఇంతేనా?" అంటారు. గిన్నె ఖాళీ అయినప్పుడల్లా నింపే పద్ధతి మానాలి అనేది అందుకే. పిల్లిపిల్లలకి ఈ లెక్క వర్తించదు. ఏడాది నిండేదాకా వాటికి కిలోకి చాలా ఎక్కువ కావాలి, రోజుకి మూడు నాలుగు సార్లు పెట్టండి, కిట్టెన్ ఫుడ్డే పెట్టండి.

ఇప్పుడు నీళ్ళు. నా దృష్టిలో ఈ ఎపిసోడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది.

పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతంవి. దాహం తక్కువ వేస్తుంది, నీళ్ళు తిండిలోంచే తీసుకోవడం అలవాటు. ఎలుకలో సుమారు 70 శాతం నీరే. నాలుగు కిలోల పిల్లికి తిండీ తాగేదీ కలిపి రోజుకి 200 మిల్లీలీటర్ల దాకా నీరు కావాలి. 62 గ్రాముల డ్రై ఫుడ్‌లో ఉన్న నీరు ఆరు మిల్లీలీటర్లు. మిగతా 194 అది గిన్నెలోంచి తాగాలి. చాలా పిల్లులు అంత తాగవు. మూత్రం చిక్కబడుతుంది. మగపిల్లుల్లో మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి స్ఫటికాలు, జిగురు కలిసి అడ్డుపడే ప్రమాదం ఉంది. డ్రై ఫుడ్ తిన్న ప్రతి పిల్లికీ ఇలా అవుతుందని కాదు. బరువు, ఒత్తిడి, కదలిక లేకపోవడం, కారణాలు చాలా ఉంటాయి. కానీ నీరు మన చేతిలో ఉన్న కారణం.

మా అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లోర్ అంకుల్ ఒకరోజు రాత్రి ఫోన్ చేశారు. "మా చిన్నోడు సాయంత్రం నుంచి ట్రేలో పదిసార్లు కూర్చున్నాడు, అరుస్తున్నాడు, మోషన్ రావట్లేదు బాబూ, కొంచెం ఆముదం పట్టమంటావా?" అని. వెళ్ళి చూస్తే ట్రేలో ఇసుక పొడిగా ఉంది. ఆ సాయంత్రం నుంచి ఒక్క చుక్క లేదు. అది మలబద్ధకం కాదండీ, మూత్రం బ్లాక్ అవ్వడం. రాత్రి పదకొండింటికి ఆటోలో బుట్టలో పెట్టుకుని తీసుకెళ్ళాం. డాక్టర్ ట్యూబ్ వేసి తీశారు, మూడు రోజులుంచారు, బతికాడు. పూర్తిగా బ్లాకైన పిల్లి ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. కాబట్టి మగపిల్లి ట్రేలో మళ్ళీ మళ్ళీ కూర్చుని ముక్కుతూ చుక్క రాకపోతే పొద్దున దాకా ఆగకండి. ఆముదం వద్దు, బార్లీ నీళ్ళు వద్దు. ఉన్నపళంగా బయల్దేరండి.

నీరు పెంచడానికి పౌచ్ తిండి తేలికైన దారి. కానీ పూర్తిగా పౌచ్‌ల మీద పెంచాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, నాకు తెలుసు. నేను చేసేది సగం సగం. రోజుకి 85 గ్రాముల పౌచ్ ఒకటి, అది మన లెక్కన 57 క్యాలరీలు. దానికి తోడు 45 గ్రాముల డ్రై ఫుడ్, 145 క్యాలరీలు. మొత్తం 202. ఆ పౌచ్‌తోనే 70 మిల్లీలీటర్ల నీరు లోపలికి పోతుంది. పౌచ్‌లో ఇంకో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు కలిపితే పులుసులా అయ్యి నాకేస్తాయి. పౌచ్ వద్దనుకుంటే డ్రై ఫుడ్‌నే నీళ్ళలో నానబెట్టండి. నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి, తిండి గిన్నెకి, ట్రేకి దూరంగా. మా వాటికి స్టీలు గిన్నె కన్నా వెడల్పు మట్టి మూకుడు నచ్చింది, మీసాలు తగలవు కదా. ఒక హెచ్చరిక, మన ఎండల్లో తడి తిండి గిన్నెలో వదిలెయ్యకండి. అరగంటలో తినకపోతే తీసెయ్యండి.

"మేం చికెన్ తింటాం బ్రో, ఇంట్లో ఉడికించి పెడతాం, ప్యాకెట్ ఎందుకు?" ఇది రెండో రకం మెయిల్. రాజమండ్రి ఇంటికి పూర్తి వ్యతిరేకం, కానీ సమస్య ఒకటే. మనకి మంచిదనిపించింది పిల్లికి సరిపోతుంది అనుకోవడం. బోన్‌లెస్ చికెన్‌లో ప్రోటీన్ బోలెడుంది. కాల్షియం దాదాపు లేదు. ఫాస్ఫరస్ దానికి పదిహేను రెట్లు పైనే ఉంటుంది. ఎలుకని తింటే ఎముకతో సహా తింటుంది కాబట్టి లెక్క సరిపోయేది. పిల్లిపిల్లకి రెండు మూడు నెలలు ఒట్టి చికెన్ ముక్కలే పెడితే దాని ఒళ్ళు రక్తంలో కాల్షియం కోసం సొంత ఎముకల్ని కరిగించుకుంటుంది. కాళ్ళు వంకరపోతాయి, సోఫా మీంచి దూకితే ఎముక విరుగుతుంది, వెన్ను దెబ్బతింటే నడుము పడిపోతుంది. "ఏం తక్కువ చేశాం, రోజూ చికెనే పెట్టాం" అంటారు ఇంట్లోవాళ్ళు, అది నిజమే, ప్రేమలో లోటు లేదు. పోనీ లివర్ పెడదాం అంటే, రోజూ లివరే అయితే విటమిన్ ఎ పేరుకుని మెడ, వెన్నెముక బిగుసుకుపోతాయి. 2019లో డేవిస్ యూనివర్సిటీ వాళ్ళు పుస్తకాల్లో, నెట్‌లో దొరికే ఇంటి క్యాట్ ఫుడ్ రెసిపీలు వందకి పైగా పరిశీలించారు. లెక్కకి అందినవాటిలో ఒక్కటి కూడా అన్ని పోషకాలూ సరిపడా ఇవ్వలేదు. అందులో డాక్టర్లు రాసినవీ ఉన్నాయి. ఇంట్లోనే వండాలని పట్టుదల ఉంటే వెటర్నరీ న్యూట్రిషన్ తెలిసినవాళ్ళ చేత మీ పిల్లి కోసం రాయించుకుని, కాల్షియం, టౌరిన్ వాళ్ళు చెప్పిన కొలతకి కలపండి. లేదా నాలాగా ప్యాకెట్ తిండి మీద తోడుగా, రోజు క్యాలరీల్లో పదో వంతు మించకుండా ఉడికిన చికెన్ పెట్టండి. తొడ ముక్క, గుండెకాయ మేలు, వాటిల్లో టౌరిన్ ఎక్కువ. ఉడికించిన నీళ్ళు పారబొయ్యకండి, టౌరిన్ అందులోకి దిగుతుంది, అదే పోసి పెట్టండి. ఉప్పు, కారం, పసుపు ఏమీ వద్దు. ఉడికిన ఎముకలు వద్దు, విరిగి గుచ్చుకుంటాయి.

చేప పెట్టొచ్చు, ఉడికించి, ముళ్ళు తీసి, అప్పుడప్పుడు. కొన్ని పచ్చి చేపల్లో విటమిన్ బి1ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, ఉడికిస్తే పోతుంది. ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు అంటే పిల్లులకి ప్రాణం, కానీ వాటి నిండా ఉప్పే.

అస్సలు పెట్టకూడనివి త్వరగా చెప్పేస్తాను. ఉల్లి, వెల్లుల్లి, పచ్చివైనా వండినవైనా పొడైనా. ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అంటే మన కోడికూర పులుసు కలిపిన అన్నం వద్దనే. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ వద్దు. ఇది తిండి కాదు గానీ చెప్పకుండా ఉండలేను, పిల్లి ఒళ్ళు వేడిగా ఉందని పారాసెటమాల్ వెయ్యకండి. దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి లివర్‌కి లేదు. మనం తలనొప్పికి వేసుకునే ఒక్క మాత్ర పిల్లిని చంపేస్తుంది. పిల్లలకిచ్చే సిరప్ కూడా అదే మందు.

చివరిగా, ఈ వీడియో చూసి రేపే తిండి మార్చెయ్యకండి. వారం పది రోజులు తీసుకోండి. మొదట మూడొంతులు పాతది, ఒక వంతు కొత్తది. రెండు మూడు రోజులకి సగం సగం. అలా పెంచుకుంటూ పోండి. రాజమండ్రి పిల్లికైతే పెరుగన్నంలో నాలుగు గింజలు నానబెట్టి కలపడంతో మొదలుపెట్టమన్నాను. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని మొండికేసి పస్తులు పెట్టకండి. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుపాటి పిల్లి అయితే, ఒంట్లో కొవ్వంతా లివర్‌కి చేరి లివర్ పాడవుతుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

బరువు చూడటానికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. పిల్లిని ఎత్తుకుని మీరు బరువు మెషిన్ ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కండి, తీసెయ్యండి. నెలకోసారి అదే రోజు, క్యాలెండర్ మీద పాలవాడి లెక్క పక్కన రాసి పెట్టుకోండి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ఎముకలు చేతికి తగలాలి, కంటికి కనబడకూడదు. నాలుగు కిలోల పిల్లి అరకిలో పెరిగితే అరవై కిలోల మనిషి ఏడున్నర కిలోలు పెరిగినట్టు.

రెండు ప్యాకెట్ల వెనకవైపు ఫోటోలు, మీ పిల్లి వయసు, బరువు నాకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటికి ఇదే లెక్క వేసి చూపిస్తాను. ఉంటానండీ.